వానలో ఉగ్రస్తంభం: రాళ్లు దొర్లే నిటారు దారిలో ఎక్కడం, దిగడం ఎలా?

వానాకాలం వచ్చిందంటే అహోబిలం వెళ్లేవాళ్లు ఒకటే ప్రశ్న అడుగుతుంటారు: "వర్షం పడుతోంది, ఉగ్రస్తంభం ఎక్కొచ్చా?" ఉగ్రస్తంభం అంటే నరసింహస్వామి చీల్చుకుని వచ్చాడని భక్తులు నమ్మే, కొండ కొసన ఉన్న రాతి స్తంభం. ఆ ప్రశ్నకు ఔననో కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. సన్నటి చినుకుల్లో ఎక్కి హాయిగా దిగివచ్చే రోజులుంటాయి. పొద్దున ఎండ కాసినా మధ్యాహ్నానికి వంక దాటనివ్వని రోజులూ ఉంటాయి. ఏ రోజు ఎలాంటిదో ఎలా పోల్చుకోవాలో, దారిలో అడుగు ఎక్కడ వేయాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో వరసగా రాస్తున్నాను.

అడిగేవాళ్లందరికీ ఎక్కడం గురించే టెన్షన్. కానీ తడి కొండ మీద దెబ్బలు తగిలేది ఎక్కువగా దిగేటప్పుడే. అప్పటికి కాళ్లు అలిసిపోయి ఉంటాయి, ధ్యాస ఇంటి మీదకు మళ్లుతుంది, మనం పైన ఉన్నంతసేపూ కురిసిన వాన కింద వంకలోకి చేరి ఉంటుంది. అందుకే ప్రతి దశలోనూ "ఇక్కడి నుంచి దిగగలనా?" అని అడుగుతూనే పోదాం.

దారి ఎలా ఉంటుంది

నంద్యాల జిల్లాలో, నల్లమల కొండల్లో ఉంది అహోబిలం. ఎగువ అహోబిలం గుడి నుంచి భవనాశిని అనే కొండ వంక వెంబడి నడక మొదలవుతుంది. వరాహ నరసింహస్వామి గుడి దాటి, జ్వాలా నరసింహస్వామి గుడి దాకా బండరాళ్లు, మెట్లు, మధ్యమధ్యలో వంక. ఓపికగా నడిస్తే చాలామంది అక్కడిదాకా వెళ్లగలరు. అసలు పరీక్ష ఆ పైన, ఉగ్రస్తంభానికి వెళ్లే దారిలో ఉంటుంది. దారి నిటారుగా లేస్తుంది. కొండ నుంచి విరిగిపడిన గట్టి రాతి ముక్కలు, పదునైన అంచులతో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఎండాకాలంలో వాటి మధ్య ఉన్న మట్టి బిగుసుకుని రాళ్లను పట్టి ఉంచుతుంది. రెండు రోజులు వాన పడితే ఆ మట్టి మెత్తబడి, నిన్న కదలని రాయి ఈ రోజు కాలి కింద తిరుగుతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి వంజంగికైనా, నాగలాపురం కొండలకైనా, సహ్యాద్రి కోటలకైనా పనికొస్తుంది. చోటును బట్టి వంకలు, దూరాలు మారతాయంతే.

ఎవరు ఆగిపోవాలి

మోకాళ్ల నొప్పులు, తల తిరగడం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు వానలో ఉగ్రస్తంభం జోలికి వెళ్లొద్దు. మొక్కు ఉంటే పొడి రోజులకు వాయిదా వేసుకోండి. పెద్దవాళ్లు కూడా వచ్చి ఉంటే కారంజ, యోగానంద, ఛత్రవట నరసింహస్వామి గుళ్లకు బండి మీద వెళ్లొచ్చు. వాళ్లను ఆ దర్శనాలకు పంపి, నడవగలిగినవాళ్లు మాత్రం కొండ దారి పట్టండి.

కావాల్సినవి

- అడుగున లోతైన గాడులున్న రబ్బరు సోలు బూట్లు. కొత్తవి వద్దు, కనీసం కొన్ని వారాలు వాడినవి కావాలి. గాడులు అరిగిపోయిన జాగింగ్ షూస్ తడి బండ మీద దగా చేస్తాయి.
- నడుము దాటని రెయిన్ జాకెట్, త్వరగా ఆరే ప్యాంటు. జీన్స్ వద్దు: తడిస్తే బరువెక్కి మోకాలు వంగనివ్వదు.
- చేతికర్ర. అక్కడే కొండ కింద వెదురు కర్రలు దొరుకుతాయి. మీ ఛాతీ ఎత్తు ఉండేది ఎంచుకోండి, దిగేటప్పుడు పొడుగు కర్రే ఆదుకుంటుంది.
- బ్యాగు లోపల మందపాటి పాలిథీన్ సంచి. సామాన్లన్నీ అందులో పెట్టి మూతి మడవాలి. పైన వేసే కవర్లు గాలికి ఎగిరిపోతాయి.
- మనిషికి 2 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పల్లీ పట్టీలు, అరటిపళ్లు. వానలో దాహం తెలియదు, ఒంట్లో నీరు మాత్రం చెమట రూపంలో పోతూనే ఉంటుంది.
- తలకు కట్టుకునే టార్చి, ఈల, క్రేప్ బ్యాండేజీ, కాటన్, యాంటీసెప్టిక్, పొడి సాక్సుల జత, పొడి బనియన్.
- జిప్ కవర్లో ఫోను, ఇంకో కవర్లో పవర్ బ్యాంకు.

మొత్తం బరువు 5 కిలోలు దాటనివ్వకండి. గొడుగు తీసుకెళ్లొద్దు, ఒక చేయి దానికే పోతుంది. పాదాల దాకా వేలాడే పోంచో (తల మీంచి తొడుక్కునే వదులు రెయిన్ కోటు) కూడా ఇక్కడ ప్రమాదమే. నిటారు చోట ముందంచు కాలి కింద పడుతుంది, కింద ఏ రాయి ఉందో కనబడదు.

భక్తితో వట్టి కాళ్లతో ఎక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. అలవాటున్న స్థానికుల సంగతి వేరు. మిగతావాళ్లకు నా విన్నపం ఒక్కటే: గుడి మెట్ల దగ్గర, స్వామి పాదాల దగ్గర బూట్లు విప్పండి, దారిలో మాత్రం వేసుకోండి. పదును తేలిన తడి రాళ్లు అరికాలిని కోస్తే దిగడానికి ఇంకొకరి భుజం కావాలి.

దశ 1: ముందు రోజు వాన లెక్క చూడండి

భారత వాతావరణ శాఖ జిల్లాల వారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. నంద్యాల జిల్లాకు నారింజ గానీ ఎరుపు గానీ ఉంటే ఆ రోజు కొండ ఆలోచన మానేయండి. పసుపు ఉంటే జ్వాలా నరసింహస్వామి దాకా చాలు, అదీ వంక ఒప్పుకుంటేనే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే దాన్ని భారీ వర్షం అంటారు. వార్తల్లో ఆ మాట వినబడితే మర్నాడు కూడా దారి ప్రమాదంగానే ఉంటుందని లెక్క.

బయల్దేరే రోజు పొద్దున రాబోయే మూడు గంటల సూచన చూడండి. పిడుగుల కోసం దామిని యాప్ ఉంది, 20 నుంచి 40 కిలోమీటర్ల దూరంలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. అడవి లోపల సిగ్నల్ సరిగా అందదు కాబట్టి ఇవన్నీ కిందే చూసుకోవాలి.

ఈ రోజు వాన ఎంత ముఖ్యమో, గడిచిన రెండు రోజుల వానా అంతే ముఖ్యం. నిన్నటిదాకా కుండపోత కురిసి ఈ రోజు నీలాకాశం కనబడితే జనం ఉత్సాహపడతారు. రాళ్ల కింది మట్టి మాత్రం ఆ రోజే అన్నిటికంటే మెత్తగా ఉంటుంది.

ఇక యాప్ చెప్పని విషయం కొండ కింద అంగళ్లవాళ్లు, కర్రలు అమ్మేవాళ్లు చెబుతారు. "అన్నా, రాత్రి పైన వాన పడిందా? వంక ఎట్లుంది?" అని అడగండి. "ఈ పొద్దు వద్దు నాయనా, రేపు పోండి" అన్నారంటే ఇక బేరాలాడకుండా ఆగిపోండి. మీరు వెళ్లకపోతే నష్టపోయేది వాళ్ల గిరాకీయే. అయినా చెబుతున్నారంటే కారణం ఉంటుంది.

దశ 2: వెనక్కి తిరిగే టైము ముందే పెట్టుకోండి

ఇది అందరూ వదిలేసే దశ. ఎక్కడం మొదలుపెట్టాక టైము మన మాట వినదు, అందుకే కిందే రాసిపెట్టుకోవాలి. లెక్క ఇలా వేయండి. సాయంత్రం ఎన్నింటికల్లా ఎగువ అహోబిలంలో ఉండాలి? వానాకాలంలో మబ్బులు, చెట్లు కలిసి లోయను తొందరగా చీకటి చేస్తాయి కాబట్టి నాలుగు గంటలు అనుకోండి. తడి దారిలో దిగడానికి ఎక్కినంత సేపే పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఆరున్నరకు నడక మొదలుపెడితే జ్వాలా నరసింహస్వామి గుడికి తొమ్మిదిలోపు, ఉగ్రస్తంభానికి పదకొండు ప్రాంతంలో చేరాలి. పదకొండున్నర కొట్టిందంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. పైన జెండా కనబడుతున్నా సరే. ఫోన్లో అలారం పెట్టండి, గుంపులో అందరికీ చెప్పండి.

స్థానిక గైడును తీసుకోండి. వాన రోజుల్లో ఇది ఖర్చు అనుకోవద్దు. అటవీ శాఖవాళ్లు దారి మూసేశారేమో కూడా అతనికే ముందు తెలుస్తుంది. మూసి ఉంటే పక్కదారి చూపిస్తాననే మనిషిని మాత్రం నమ్మొద్దు. బయల్దేరే ముందు డ్రైవరుకో, లాడ్జిలోనో, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి వెళ్లండి.

దశ 3: బూట్లకు కిందే పరీక్ష

గుడి దాటగానే ఏటవాలు తడి బండ ఏదో ఒకటి దొరుకుతుంది. దాని మీద పాదమంతా ఆనించి ఒంటికాలి మీద నిలబడండి. బరువును మెల్లగా ముందుకు, వెనక్కి మార్చండి. బూటు ఇక్కడే జారితే పైన తప్పకుండా జారుతుంది. ఆ రోజుకు వరాహ నరసింహస్వామి దర్శనంతో సరిపెట్టుకోండి.

లేసులు ఎక్కేటప్పుడు పాదం పైభాగంలో బిగుతుగా, చీలమండ దగ్గర కాస్త వదులుగా కట్టండి. దిగే ముందు చీలమండ దగ్గర గట్టిగా బిగించాలి. లేకపోతే బొటనవేళ్లు బూటు ముక్కుకు తగిలి గోళ్లు నల్లబడతాయి.

దశ 4: వంక దగ్గర గుర్తు పెట్టండి

భవనాశిని లాంటి కొండ వంకలకు పరివాహకం (వాననీరు వచ్చి చేరే నేల) చిన్నది, వాలు ఎక్కువ. పైన గంట సేపు గట్టి వాన పడితే కింద చినుకు పడకపోయినా నీరు ఒక్కసారిగా లేస్తుంది. అదే వేగంతో కొన్ని గంటల్లో తగ్గిపోతుంది కూడా. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, చిక్కుబడితే ప్రాణం కాపాడేది అదే.

దాటే ముందు నీటి అంచున, సరిగ్గా తడి ఆగిన చోట ఒక పుల్ల గుచ్చండి లేదా తెల్లటి రాయి పెట్టండి. పది నిమిషాలు కూర్చుని చూడండి. నీళ్లు ఆ గుర్తును దాటి పైకి వస్తుంటే ఆ రోజు వంక అవతలికి వెళ్లొద్దు. గుర్తు కదలకపోతే దాటండి. తిరిగొచ్చేటప్పుడు ఆ గుర్తే మీకు కొలబద్ద.

దాటకూడదని చెప్పే లక్షణాలు:
- నీళ్లు మోకాలి పైకి వస్తే.
- మోకాలి లోపే అయినా ఎర్రగా మారి అడుగు కనబడకపోతే.
- ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తుంటే.
- చప్పుడు మారితే. గలగల పోయి గుమ్మనే మోత, దాని అడుగున రాళ్లు ఒరుసుకునే శబ్దం వినిపిస్తే వెంటనే గట్టెక్కండి.

దాటేటప్పుడు వెడల్పుగా, పల్చగా పారే చోటు ఎంచుకోండి. ఇరుకైన చోట ఒక్క దూకుతో అయిపోతుందనిపిస్తుంది గానీ లోతూ ఉరవడీ అక్కడే ఎక్కువ. కింద జలపాతం గానీ బండల సందు గానీ ఉన్న చోట అస్సలు దిగొద్దు. బ్యాగు నడుము పట్టీ విప్పేయండి, పడిపోతే బ్యాగును వదిలించుకోగలగాలి. మొహం ప్రవాహానికి ఎదురుగా పెట్టి, కర్రను ఎగువ వైపు ఆనించి, పాదాలు ఎత్తకుండా పక్కకు జరుపుతూ పోండి. రాయి మీద నుంచి రాయి మీదకు గెంతడం కంటే నీళ్లలో నడవడమే మేలు. బూట్లు తడిస్తే తడవనివ్వండి.

తిరిగొచ్చేసరికి వంక లేచి ఉంటే ఎత్తైన చోట కూర్చుని ఆగండి. ములుగు జిల్లాలోని ముత్యాలధార జలపాతం చూడటానికి 2023 జులైలో వెళ్లిన సుమారు 80 మంది ఇలాగే వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. రాత్రి ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందాలు వెళ్లి వాళ్లను బయటికి తెచ్చాయి. ఆకలితో, తడి బట్టలతో ఒక రాత్రి గడపడం కష్టమే. కానీ ఎర్రనీళ్లలో దిగినవాళ్లకు ఆ రాత్రి కూడా మిగలదు.

దశ 5: జలపాతం కింద ఆగొద్దు

జ్వాలా నరసింహస్వామి గుడి దగ్గర వానాకాలంలో పై నుంచి ధార పడుతుంది. చూడటానికి రెండు కళ్లూ చాలవు. నీళ్లతో పాటు చిన్న రాళ్లు కూడా రావచ్చు, అందుకే ఒక్కొక్కరుగా, కొండ గోడ వైపు ఒరిగి, ఆగకుండా దాటండి. ఫొటోలు దాటాక తీసుకోవచ్చు. ధార రంగు మారిందంటే పైన మట్టి కోసుకుపోతోందని అర్థం. దర్శనం చేసుకుని అక్కడి నుంచే వెనుదిరగండి.

దశ 6: ఎక్కడం

అడుగులు చిన్నవి వేయండి. ఒక పెద్ద అడుగు బదులు మూడు చిన్న అడుగులు. పెద్ద అడుగులో బరువంతా ఒక్కసారిగా రాయి మీద పడుతుంది, అది తిరిగిపోతుంది.

మంచి గైడు నడకను కాసేపు గమనించండి. అడుగు వేసే ముందు కర్ర మొనతో రాయిని తట్టి, ఆ శబ్దం వింటాడు. ఖణీమని మోగితే అది కొండకు పాతుకున్న రాయి. డొల్లగా, మొద్దుగా పలికితే కింద ఖాళీ ఉంది. కాలు దాని మీద వేయడు, దానికీ కొండకూ మధ్య ఉన్న సందులో వేస్తాడు. మీరూ అలాగే చేయండి. అరగంటలో చెవికి అలవాటైపోతుంది.

రంగు కూడా చూడండి. గరుకుగా, బూడిదరంగులో ఉన్న రాయి తడిసినా పట్టు ఇస్తుంది. నలుపు కలిసిన ఆకుపచ్చ మెరుపు కనబడితే అది పాచి, ఏ బూటూ అక్కడ నిలవదు. తడి వేర్లు, పరుచుకున్న ఆకులు కూడా అంతే. వేరు అడ్డొస్తే దాని మీద కాలు వేయకుండా, దాటి అవతల వేయండి.

నిటారు చోట్ల రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆనుకునే ఉండాలి. ఒక్కటే కదలాలి. చేత్తో పట్టుకునే రాయిని ముందు అరచేత్తో తట్టి, మెల్లగా కిందికి నొక్కి చూడండి. మీ వైపు లాగొద్దు. గడ్డిని, సన్న మొక్కలను నమ్మొద్దు, తడి నేలలో వేర్లతో సహా చేతికొస్తాయి. కనబడని సందుల్లో వేళ్లు పెట్టొద్దు. వానలో పాములు, తేళ్లు పొడి చోటు వెతుక్కుని అక్కడే చేరతాయి.

దశ 7: గుంపుగా నడిచే పద్ధతి

రాళ్లు దొర్లే వాలులో పక్కవాడి కాలి కింది రాయే మీకు ప్రమాదం. ఒకరి నెత్తి మీద ఒకరు ఉండేలా నిలువు వరసలో నడవకండి. రెండు పద్ధతులున్నాయి. ఒకటి, బాగా దగ్గరగా, చేయి అందే దూరంలో నడవడం. జారిన రాయి వేగం పుంజుకునేలోపే వెనకవాళ్లు ఆపగలరు. రెండు, ఒకరు ఆ వాలు మొత్తం దాటి పక్కకు తప్పుకున్నాకే ఇంకొకరు మొదలుపెట్టడం. ఇరుకైన చీలికల్లో రెండోదే క్షేమం. పదిహేను, ఇరవై అడుగుల ఎడంతో నడవడం అన్నిటికంటే ప్రమాదం, జనం ఎక్కువగా చేసేదీ అదే.

మీ కాలి కింద రాయి కదిలితే చిన్నదా పెద్దదా అని చూడకుండా "రాయి! రాయి!" అని గట్టిగా అరవండి. ఆ అరుపు విన్నవాళ్లు తలెత్తి చూడకూడదు. కొండకు అతుక్కుని, బ్యాగు నెత్తి మీదకు లాక్కోవాలి.

నెమ్మదిగా నడిచే మనిషిని గైడు వెనకాలే నడిపించండి. అందరూ ఆ మనిషి వేగంతోనే పోవాలి. వెనకబడినవాళ్లు తొందరపడి కాలు జార్చుకుంటారు.

దశ 8: ఉరుము వినబడితే

మెరుపు కనబడగానే సెకన్లు లెక్కపెట్టండి. 30 లోపే ఉరుము వినబడితే పిడుగు మీ దాకా వచ్చేంత దగ్గరలో ఉంది. శిఖరం, ఒంటరి చెట్టు, ఇనుప రెయిలింగు వదిలి కిందికి దిగండి. లోతులేని గుహల మూతిలో, రాతి చూరు కింద నిలబడటం కూడా మంచిది కాదు. అందరూ ఒకచోట గుమిగూడొద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. ఆ అరగంట మీ టైము లెక్కలో లేదు కాబట్టి, చాలాసార్లు ఉరుము అంటే ఆ రోజుకు ఎక్కడం అయిపోయినట్టే.

దశ 9: పైన

దండం పెట్టుకోండి, స్వామి పాదాలు చూసుకోండి. తడి బనియన్ మార్చి పొడిది వేసుకోండి, ఎందుకంటే గాలికి ఒళ్లు చల్లబడితే కాళ్లు కొయ్యబారతాయి. ఏదో ఒకటి తినండి. లేసులు బిగించండి. పావుగంట చాలు.

దశ 10: దిగడం

ఎక్కినదానికంటే నెమ్మదిగా దిగాలి, ఇది ముందే ఒప్పుకోండి.

మోకాళ్లు కొద్దిగా వంచి, ఒళ్లు కొంచెం ముందుకు పెట్టండి. భయం వేస్తే ఎవరైనా వెనక్కి వాలతారు. వెనక్కి వాలగానే బరువు మడమ మీదకు పోతుంది, మడమ జారుతుంది, కూలబడతారు. ముక్కు, బొటనవేలు ఒకే గీతలో ఉండేలా చూసుకుంటే బరువు పాదం మీదే నిలుస్తుంది. బండ మీద పాదమంతా ఆనించండి. చిన్న రాళ్లు, మెత్తటి మట్టి కలిసిన చోట మాత్రం మడమ దిగేసి నడవండి.

కర్రను మీకంటే ముందు, కింది మెట్టు మీద ఆనించి, అది నిలిచిందని తెలిశాకే కాలు దించండి. కర్రకు తాడు ఉంటే చేతికి తగిలించుకోవద్దు. కర్ర సందులో ఇరుక్కుంటే చేయి కూడా దానితో పోతుంది.

మరీ నిటారుగా ఉన్న చోట మొహం కొండ వైపు తిప్పి, నిచ్చెన దిగినట్టు దిగండి. ఎత్తైన రాతి మెట్టయితే కూర్చుని, రెండు కాళ్లూ కిందికి ఆనాక లేవండి. ప్యాంటు పాడైతే పోనివ్వండి. కానీ మట్టి వాలు మీద కూర్చుని జారుతూ పోవడం వద్దే వద్దు, ఎక్కడ ఆగుతారో మీ చేతుల్లో ఉండదు.

జారుతున్నామని తెలియగానే ఉన్నచోటే చతికిలబడండి. పడేటప్పుడు చేయి చాచి వెనక్కి ఆనించకండి, మణికట్లు విరిగేది అలాగే. ఇరవై నిమిషాలకోసారి ఆగి నీళ్లు తాగండి. మాటలు, పాటలు, ఫోను, అన్నీ వంక దాటాకే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"ఇంకొంచెమే కదా" అని టైము దాటించడం అన్నిటికంటే పెద్దది. రెండోది, దిగేటప్పుడు రద్దీ తప్పించుకోవడానికి పక్కన కనబడే అడ్డదారి పట్టడం. వాననీళ్లు కోసిన కాలువలు అచ్చం కాలిబాటల్లాగే కనబడతాయి, తీరా దిగితే బండ అంచున తేలతారు. దారి మీద ఇటీవలి అడుగు ముద్రలు గానీ చాక్లెట్ కాగితాలు గానీ లేవంటే తప్పిపోయినట్టే, చివరిసారి దారి ఖాయంగా తెలిసిన చోటికి వెనక్కి వెళ్లండి.

వాన మొదలవగానే పరుగెత్తడం ఇంకో పొరపాటు. ఎలాగూ తడుస్తారు. పొడి నేల మీద పడే తొలి చినుకులు దుమ్మును పల్చటి బురద పొరగా మారుస్తాయి, అప్పుడే జారుడు ఎక్కువ. 2021 నవంబరు వానలకు తిరుమలలో రాతి మెట్లు కట్టిన శ్రీవారి మెట్టు దారే దెబ్బతిని, నెలల తరబడి మూసి ఉంచాల్సి వచ్చింది. కట్టిన మెట్లకే ఆ గతి పడితే, వదులు రాళ్ల దారి నిన్నటిలా ఉంటుందని అనుకోవడానికి లేదు. ఇదివరకు ఎక్కామన్న ధీమా పనికిరాదు.

సరిగ్గా నడుస్తున్నారో లేదో చూసుకోవడం

మెత్తటి మట్టి దాటాక వెనక్కి తిరిగి మీ అడుగు ముద్ర చూడండి. సోలు గాడులన్నీ స్పష్టంగా పడి ఉంటే పాదమంతా ఆనుతోంది. మడమ దగ్గర పొడుగ్గా గీసుకుపోయి ఉంటే వెనక్కి వాలుతున్నారు. ముందు భాగమే పడి ఉంటే మునివేళ్ల మీద నడుస్తున్నారు, పిక్కలు త్వరలోనే పట్టేస్తాయి.

ఎక్కేటప్పుడు ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. లేకపోతే వేగం తగ్గించండి. నిలబడితే తొడలు వణుకుతున్నాయా? అయితే పది నిమిషాలు కూర్చుని ఓఆర్‌ఎస్ తాగండి. అదే పదే పదే జరుగుతుంటే పైకి వెళ్లడం ఆపేయండి. పది అడుగులకు రెండు మూడు రాళ్లు దొర్లుతున్నాయంటే అడుగులు పెద్దవి పడుతున్నాయి, లేదా దారి ఆ రోజు నడకకు పనికిరాదు. అడుగు తగ్గించి చూడండి. అప్పటికీ దొర్లుతుంటే వెనుదిరగండి.

ఏదైనా జరిగితే

చీలమండ మడత పడితే బూటు విప్పొద్దు. వాపు వస్తే మళ్లీ ఎక్కదు. బూటు మీద నుంచే క్రేప్ బ్యాండేజీ కట్టి, రెండు కర్రల ఆసరాతో దించండి. కాలు అస్సలు మోపలేకపోతే ఎముక విరిగిందనే అనుకుని, కదపకుండా సాయం కోసం ఒకరిని గైడుతో కిందికి పంపండి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వద్దు. కరిచిన కాలిని కదలనివ్వకుండా, మనిషిని నడిపించకుండా, మోసుకుని దించాలి. వైద్య సాయానికి 108, మిగతా అత్యవసరాలకు 112. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. ఆపదలో ఉన్నామని కొండల్లో అందరూ గుర్తుపట్టే సంకేతం అది.

దిగి వచ్చాక

డ్రైవరుకు, లాడ్జివాళ్లకు వచ్చేశామని చెప్పండి, లేకపోతే వాళ్లు వెతకడం మొదలుపెడతారు. బూట్లలో పాత న్యూస్‌పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఆ రోజే వేడి నీళ్లతో సబ్బు రాసి స్నానం చేసి, వేసుకున్న బట్టలన్నీ ఉతకండి. గజ్జలు, చంకలు, నడుము పట్టీ కింద, మోకాళ్ల వెనక చర్మాన్ని బాగా చూసుకోండి. వానాకాలం పొదల్లో ఉండే సన్న పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. కుట్టిన చోట నొప్పి లేని నల్లటి పెచ్చు కడుతుంది, అది కొందరిలో కనబడదు కూడా. మూడు వారాల లోపు జ్వరం వస్తే, ఆ మచ్చ ఉన్నా లేకపోయినా, అడవిలో నడిచి వచ్చామనే సంగతి డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి.